కుండలామె పక్కన

గల్ఫ్‌లోని అల్ హైల్‌లో కొత్తగా తెరవబోతున్న హోటల్ గోడకు పాత బజారు ఫొటో ఒకటి బిగించి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన కూలీలిద్దరు దాని ముందు నిలబడ్డారు. వారిలో చిన్నవాడు ఊళ్లో ఫొటో స్టూడియోలో పనిచేసి వచ్చినవాడు.

“తెల్లదొరల కాలం ఫొటో అంటున్నవ్. ఇంత బజార్ల ఈ కుండలామె ఒక్కతే ఉన్నదేందిరా? కొనేటోళ్లేరి?”

“ఉన్నరు కాకా. అప్పటి కెమెరాకు శానసేపు కదలకుండ ఉండాలె. ఫొటో తీసే దొర ఉండుమంటె ఆమె ఉన్నది. నడిచి పోయేటోళ్లు ఫొటోల పడలే.”

“మరి ఆమె పక్కకు గీ పొగ లెక్క ఏంది?”

“గది సుత మనిషే. జరసేపు నిలవడి, తీస్తుండంగనే పోయిండు.”

“ఏం పనుండెనో.”

“పనుంటనే పోతరు గద.”

“మొన్న మావోళ్లు కొత్తింట్ల పాలు పొంగిచ్చిన ఫొటోలు పంపిండ్రు. సుట్టాలు, పక్కింటోళ్లు, ఆఖరుకు మేస్త్రి సుత ఉన్నడు.”

“నువ్వు కట్టిచ్చిన ఇల్లే గద కాకా.”

“ఊ.”

“గీ గోడ ఫొటో కాడ నిలవడు. నా ఫోన్ల తీస్త.”

“ఇట్లనా?”

“ఊపిరెందుకు బిగవట్టినవే? ఇప్పటి ఫోన్లకు గంతసేపు అక్కర్లేదు. కుండలామె దిక్కు జరుగు, మంచిగ వస్తది.”

“వద్దురా. నేను గీ సరిగ పడనాయన పక్కకే నిలవడ్త. నువ్వు మెల్లగ తియ్యి. నేను కదల.”