గ్రూపులో మర్యాద తప్పినవాడు

అధ్యక్షస్థానంలో ఉన్న కుట్టుశిక్షణ కేంద్రం మేడమ్ గారికి, వేదికమీద నాకు అటూ ఇటూ కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా అని ఎదురుచూస్తున్న పెద్దలకు, తొమ్మిదేళ్ళుగా ఒకే గ్రూపులో ఉండి ఇవాళే ఒకరి మొహాలొకరు చూసుకుంటున్న కుట్టుమిషన్ల మెకానిక్ మిత్రులకు, రెండో వరుసలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మా ఆవిడకు నమస్కారం. ఫోటో పెట్టాల్సిన చోట గులాబీ పువ్వు పెట్టుకున్న సభ్యుడు ఇంతేసి మీసాలతో వస్తారని నేననుకోలేదు. (నవ్వులు) కూర్చోండి సార్, పువ్వూ బాగుంది, మీసాలూ బాగున్నాయి.

ఇవాళ్టితో అడ్మిన్ పని దిగిపోతున్నానని ఇందాక నా గురించి ప్రశంసాపత్రం చదివారు. అందులో 'రెండు వందల పన్నెండు మంది మధ్య రాజకీయాల చిచ్చు రగలకుండా కాపాడిన శాంతమూర్తి' అని ఉంది. సరిగ్గా ఆ మాట దగ్గరే మా ఆవిడకి దగ్గు వచ్చింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మూర్తి ఆవిడకి ఒక్కసారీ దర్శనమివ్వలేదు, పాపం.

ఈ గ్రూపు పెట్టినప్పుడు మా ఉద్దేశం చాలా చిన్నది. ఎవరి దగ్గరికో ఎప్పుడూ చూడని మిషన్ ఒకటి వస్తుంది, దారం ఊరికే తెగుతూంటుంది, కారణం అంతుపట్టదు; ఫోటో పెడితే తెలిసినవాళ్ళు చెబుతారు. మూడేళ్ళపాటు సూదులు, బెల్టులు తప్ప మరో మాట లేదు. తర్వాత ఎన్నికలొచ్చాయి. పొద్దున ఒకాయన 'మిషన్లో షటిల్ ఇరుక్కుపోయింది, ఏం చెయ్యాలి' అని అడిగితే మధ్యాహ్నానికి నలభై ఏడు జవాబులు వచ్చాయి, అందులో షటిల్ గురించి ఒక్కటీ లేదు. ఆ షటిల్ ఏమైందో నాకీ రోజుకీ తెలియదు. (సభలోంచి: 'పడేశాను.' నవ్వులు.)

రాజకీయాలు పూర్తిగా నిషేధించమని కొందరన్నారు. నోళ్ళు కట్టేస్తే కడుపులో ఉడుకుతుందని నేను ఒప్పుకోలేదు. ఒక నియమం పెట్టాను, మీ అందరికీ తెలిసిందే: ముందు ఫోను, తర్వాత టైపు. ఎవరి రాతకైనా ఒళ్ళు మండితే ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి, బాగోగులు అడగాలి, ఆ తర్వాతే గ్రూపులో జవాబు రాయాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. నాకే ముచ్చటేసి మూడు రోజులు నా నియమాన్ని నేనే చదువుకున్నాను.

నియమం పనిచేసింది కూడా. రెయిన్‌కోట్లు కుట్టే ఆయనా, ఫ్యాక్టరీలో మిషన్లు చూసే ఆయనా (ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, కావాలనే దూరందూరంగా కూర్చున్నారు) నియమం ప్రకారం ఫోన్లో మాట్లాడుకున్నారు. గంటన్నర. మోకాళ్ళ నొప్పులు, అల్లుళ్ళ తీరు, మిషన్ పెడలు కిర్రుమనడం, అన్నీ అయ్యాయి. చివరికి ఇద్దరూ కలిసి గ్రూపులో ఒకే మాట రాశారు: పార్టీల సంగతెలా ఉన్నా, ఈ అడ్మిన్ పెత్తనం మాత్రం మా ఇద్దరికీ నచ్చలేదు. (నవ్వులు) ఇద్దర్ని కలిపిన ఘనత నాదే కదా అని ఊరుకున్నాను.

ఇంతవరకూ ప్రశంసాపత్రంలో ఉన్నదే. లేనిది ఇప్పుడు చెబుతాను.

వెనక తలుపు పక్కన ఆఖరి వరుసలో ఒక పెద్దాయన కూర్చున్నారు. వెనక్కి తిరిగి చూడకండి, ఆయనకి ఇబ్బంది. పాతవాళ్ళకి ఆయన నూనెడబ్బా అన్నయ్యగా గుర్తుండాలి. ఎవరు ఏ జబ్బు చెప్పినా 'ముందో చుక్క నూనె వెయ్యి, తర్వాత చూద్దాం' అనేవారు కాబట్టి ఆ పేరు మనమే పెట్టాం. నా చేతికి మొదటిసారి ఫ్యాక్టరీ మిషన్ వచ్చినరోజు, విప్పేశాను గానీ బిగించడం చేతకాలేదు. ఆయన వీడియో కాల్ చేసి, ఫోన్ని గుడ్డల దొంతరకి ఆనించి, చక్కగా నడుస్తున్న తన మిషన్ని నాకోసం ఒక్కో స్క్రూ విప్పి, మళ్ళీ బిగించి చూపించారు. రెండు గంటలు. అంతసేపూ ఆయన షాపులో మనుషులు నిలబడే ఉన్నారు. ఈ వృత్తిలో నాకు గురువెవరంటే ఆయనే.

పోయిన ఎన్నికలప్పుడు మావాళ్ళు గెలిస్తే ఏమేం చేస్తారో నేను గ్రూపులో పెద్ద వ్యాసం రాశాను. ఆయనకి నచ్చలేదు. నియమం ప్రకారం నాకు ఫోన్ చేశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. షాపులో బల్లమీద ఫోన్ మోగుతూంటే, పేరు చూస్తూ, నేను ఎత్తలేదు.

అప్పుడు ఆయన టైపు చేశారు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు: "తమ్ముడూ, పోయినసారీ మీవాళ్ళు ఇదే మాట ఇచ్చారు కదా. అప్పుడు నువ్వూ నమ్మావు, నీ మాట మీద నేనూ నమ్మాను. ఈసారి ఎందుకు నమ్మాలో చెప్పు, నేనూ నీతోనే వస్తా."

ఇందులో తిట్టు ఎక్కడుందో నేను చాలా వెతికాను. దొరకలేదు. జవాబు కోసమూ వెతికాను, అదీ దొరకలేదు. దాంతో ఆ సందేశం చెరిపేసి, ఆయన్ని గ్రూపులోంచి తీసేసి, 'మర్యాద తప్పినందుకు ఒక సభ్యుణ్ణి తొలగించడమైనది' అని రాశాను. అరవై మూడు మంది బొటనవేలు ఎత్తారు. ఆయన ఏమన్నారని ఒక్కరూ అడగలేదు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను, నేనూ ఎవరూ అడగకూడదనే అలా రాశాను. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగే, బోర్లా తిప్పి కూర్చున్నాను.

(మంచినీళ్ళు తాగి)

ఏడాదిన్నరగా గ్రూపు ప్రశాంతంగా ఉంది. ఎందుకుండదు? నన్ను అడగగలిగిన మనిషి లేరు. ఆ ప్రశాంతతకే మీరివాళ ఈ జ్ఞాపిక ఇచ్చారు. బరువుగానే ఉంది.

ఆయన్ని ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదట. ఆహ్వానాలు పాత జాబితా చూసి పంపారట. తనని తీసేసిన గ్రూపు సభకి, తీసేసినవాడి సన్మానానికి, రెండు బస్సులు మారి వచ్చారు. పొద్దున గుమ్మంలో కనిపిస్తే నేను కుర్చీలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాను. ఆయనే, "తమ్ముడూ, మిషన్లు బాగా నడుస్తున్నాయా?" అని అడిగి వెళ్ళి వెనక కూర్చున్నారు.

అన్నయ్యా, నీ ప్రశ్నకి జవాబు నాకప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఓటు మాత్రం మళ్ళీ మావాళ్ళకే వేశాను, ఇకముందూ వేస్తానేమో, ఆ సంగతి మీద ఎంతసేపైనా పోట్లాడుకుందాం. కానీ మర్యాద తప్పింది నువ్వు కాదు, నేను. ఆ రోజు అందరి ముందూ అబద్ధం రాశాను కాబట్టి ఈ రోజు అందరి ముందే చెబుతున్నాను. నన్ను క్షమించు.

రేపటినుంచి గ్రూపు బాధ్యత బెల్టుల షాపు అమ్మాయిది. అమ్మా, నా నియమం ఉంచుకుంటావో మార్చుకుంటావో నీ ఇష్టం. ఫోన్ మోగితే మాత్రం ఎత్తు. ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ, ఇంట్లో ఆ పని జీతం లేకుండా చేస్తున్న మా ఆవిడకీ కృతజ్ఞతలు.

నాకింకా ఐదు నిమిషాలున్నాయని మేడమ్ గారు సైగ చేస్తున్నారు. ఆ ఐదూ అన్నయ్యవి. రా అన్నయ్యా, వచ్చి ఆ రోజు అడిగింది మళ్ళీ అడుగు. ఇది మైకు, దీనికి నా చేతిలో ఏ మీటా లేదు. నేను కింద కూర్చుని వింటాను. సెలవు.