అరువు చేతులు

హలో… ఆ, నేనే, మీ కెమిస్ట్రీ మేడమ్‌ని. కానీ ఈ గంటసేపూ నేను నీకు చేతులు మాత్రమే…

—అవునమ్మా, యూనివర్సిటీవాళ్ల కొత్త పద్ధతి. జబ్బు భయానికి కాలేజీ మూశారు గానీ ప్రాక్టికల్ పరీక్ష మూయలేదు. నువ్వు ఇంట్లోంచి చెప్తావు, నేను ల్యాబులో చేస్తాను. చెప్పింది చేస్తాను, చెప్పనిది చెయ్యను.

—వీడియోనా? మీ ఊళ్లోంచి మాటే ముక్కలుముక్కలుగా వస్తోంది, ఇంక బొమ్మొకటా!

—తెలుసు తల్లీ. ఇది మూడోసారి, ఇదీ పోతే డిగ్రీ పోయినట్టే. అందుకే నిదానంగా చెప్పు…

—బ్యూరెట్ గొట్టంలో క్షారం పొయ్యమన్నావు. పోస్తున్నా… పోతోంది… బల్లమీదికి పోతోంది…

—అడుగున కొళాయి కట్టెయ్యమని నువ్వు అనలేదు మరి!

—ఊఁ, ఇప్పుడు కట్టేశాను. మళ్లీ నింపాను… నవ్వకు. అద్దం అవతల ఎగ్జామినర్ గారు కూర్చున్నారు. మూతికి రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ తెర. నేనేమైనా సాయం చేస్తే పట్టుకోడానికే వచ్చారాయన.

—యాసిడ్ ఫ్లాస్కులో పోశాను. రంగు మందు రెండు చుక్కలు… వేశాను. కొళాయి తిప్పాను. ఒక్కో చుక్కే పడుతోంది.

—రంగా? నీళ్లలాగే ఉంది… నీళ్లలాగే… అడుగుతూనే ఉండు. గులాబీ రంగు తొంగిచూడగానే ఆపమనాలి. ఒక్క చుక్క ఎక్కువైనా కొలత తప్పు.

—నీళ్లలాగే…

—హలో? … అమ్మాయ్, ఉన్నావా? … అడుగు. రంగేమిటని అడుగు తల్లీ! … హలో! నా అంతట నేను ఆపకూడదే… హలో!

—…ఆ, వచ్చావా! ఆపేశాను. లేతగులాబీ. పసిపాప గోరంత లేత.

—నువ్వే ఆపమన్నావుగా.

—అన్నావమ్మా. అద్దాలు అదిరిపోయేలా "ఆపండీ!" అని అరిచావు… కాస్త మగగొంతుతో.

—నువ్వు కాదని నాకు తెలీదా? ఎగ్జామినర్ గారే! కుర్చీ తన్నుకుని లేచారు, మాస్కులు రెండూ గడ్డం కిందికి జారిపోయాయి. ఇప్పుడు కలం కొరుక్కుంటున్నారు, ఏం రాయాలో తోచక.

—ఏం రాస్తారో నాకేం తెలుస్తుంది, ఆగు… కాగితం అద్దానికి అంటించారు. చదువుతున్నా. "విద్యార్థిని సమయానికే ఆపమన్నది. గొంతు కొంచెం బొంగురు."

—ఏడవకే పిచ్చిపిల్లా, కొలత అడుగు ముందు. అడిగితేనే చెప్తా… పద్దెనిమిదిన్నర మిల్లీలీటర్లు. రాసుకో. పాసయ్యావు.

—సరే, పెట్టేస్తున్నా. ఇంకా పన్నెండుమంది ఈ చేతుల కోసం కాచుకున్నారు…

ఏంటి సార్? … ఈసారి సిగ్నల్ బాగా ఉన్న పిల్లని పిలవాలా?