పచ్చ చీటీల వరస

“మార్చి పంతొమ్మిది, ఉగాది. మీరు క్యాంపస్‌కు బొబ్బట్లు తెచ్చిచ్చిన్రు, నేను రెండు తిన్న. తిన్న మొఖానికి ఇంకా సార్ అంటున్న.”

“లోపలికి రా పద్మశ్రీ. గుమ్మంలో నిలబడి అరిస్తే ఫ్లోరంతా వింటారు.”

“విననీయండి. రిటైర్డ్ లెక్చరర్ వెంకటేశ్వర్లు సార్ తార్నాక నుంచి పొద్దుగాల క్యాంపస్‌కు వాకింగ్‌కొచ్చి ఒక పిల్ల పీహెచ్‌డీ ముంచిండని అందరికి తెల్వనీయండి.”

“నీళ్ళు పోశాను. కాదనను. సీసాలో మిగిలినవే.”

“రోజూనా?”

“కొన్నాళ్ళు... బకెట్టుతో కూడా.”

“బకెట్టా!”

“మీ తోటమాలి మల్లన్న ఇచ్చాడు. పాపం, అతన్నేమీ అనకు.”

“ఆయన చెప్తేనే వచ్చిన. నీళ్ళు పోయవద్దని బోర్డు పెట్టిన గదా సార్! తెలుగులనే రాసిన గదా!”

“చదివాను. రాసినవాళ్ళకు మనసు లేదనుకున్నాను.”

“రాసింది నేనే! అది ప్రయోగం. ఆ బెండ చెట్లకు సగమే నీళ్ళు. ఎర్ర చీటీలు కట్టినయి యూరియావి, పచ్చ చీటీలయి వర్మీకంపోస్టువి. నీళ్ళు తక్కువైతే ఏ ఎరువుతోని కాపు నిలుస్తదో చూసుడు.”

“మాడ్చి చూడటమన్నమాట.”

“అవును, మాడ్చే చూస్తం! మా ఊర్ల బోరు మాడ్చినట్టు.”

“కోప్పడకమ్మా. మా ఆవిడ అరుంధతికి కిడ్నీలు పోయాక నీళ్ళు రోజుకు అర లీటరు దాటొద్దన్నారు. నేనే కొలిచి ఇచ్చేవాణ్ని. ఇంకొక్క గుక్క, అనేది. ఇప్పుడు వాలిన ఆకు కనిపిస్తే నా చెయ్యి ఆగదు.”

“అమ్మ సంగతికి నాకు బాధనే. కానీ నా చెట్లు మీ ఇంట్ల మనుషులు కారు సార్.”

“మళ్ళీ వేసుకోవచ్చుగా.”

“వేస్తే నాకొక ఎండకాలం పోతది. మా నాయినకు ఏం పోతదో ఎరికేనా? పచ్చ చీటీల వరస సగం నీళ్ళకే విరగకాసింది. గది చెప్తే, ఉన్న బోరుతోనే బెండ పెడ్తనని సంబరపడ్డడు. ఇయ్యాల మా గైడ్ కౌముది మేడం, ఇది నమ్మేటట్టు లేదు, ఎవరన్న నీళ్ళు పోసిన్రేమో కనుక్కో అన్నది. మల్లన్న మీ పేరు చెప్పిండు. అప్పుడే నాయినకు ఫోన్ చేసిన. అంత అబద్ధం, బెండ పెట్టకు అన్న.”

“ఏమన్నాడు?”

“ఏమంటడు? భూమి కౌలుకిచ్చి వస్త, హబ్సిగూడల ఏదన్న అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గ పెట్టించు అన్నడు. ఇప్పుడు కౌలుకు తీసుకునే నరహరి ఇంటికి పోయి మాటిచ్చొస్తడట. అంత మీ దయ.”

“అయ్యో...”

“అయ్యో వద్దు. రేపు మేడం ముందల నిలబడి, పచ్చ చీటీల వరసకు నీళ్ళు పోసింది నేనే అని చెప్పున్రి. గంతే.”

“అది చెప్పలేను.”

“ఏంది, భయమా?”

“అబద్ధం ఎలా చెప్పను?”

“ఇప్పుడే గదా పోసిన అన్నరు!”

“పచ్చ చీటీల వాటికి ఎందుకు పోస్తానమ్మా? అవి నిటారుగా నిలబడే ఉన్నాయిగా. పొద్దున్నే తలలు వేలాడేసేవి ఎర్ర చీటీలవి. నా నీళ్ళన్నీ వాటికే. అయినా కోలుకోలేదు, పాపం.”

“...పచ్చ వరసకు ఒక్క చుక్క గూడ పోయలే?”

“ఒక్క చుక్క కూడా.”

“ఆగున్రి... హలో, నాయినా? ఏడున్నవ్? నరహరి వాకిట్లనా? లోపలికి పోకు. నాయినా, నా మాటిను, పోకు!”

“మాట్లాడుకో అమ్మా. నేను తలుపు దగ్గరికి వేసుకుంటాను. చప్పుడు చెయ్యనులే.”