ప్రసంగానికి ముందు అప్‌డేట్

జావాస్క్రిప్ట్ డెవలపర్ల సదస్సు. వేదిక పక్క గదిలో తమ్ముడు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాల్లో అతని మొట్టమొదటి ప్రసంగం. ఇలాంటి సదస్సులు చాలా చూసిన అక్క ధైర్యం చెప్పడానికి వచ్చింది.

“అక్కా, నేను చూపించాల్సిన ప్రోగ్రామ్ నడవడం లేదు.”

“నిన్న నడిచిందిగా?”

“పొద్దున కాఫీ తాగుతూ అది వాడుకునే ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేశాను.”

“ఎవరు చేయమన్నార్రా?”

“కొత్తవి వచ్చాయని కనిపించింది. చెయ్యి ఊరుకోలేదు.”

“ఇంతకీ నీ ప్రసంగం దేని మీద?”

“భయం లేకుండా అప్‌డేట్ చేయడం ఎలా అని.”

అక్క కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది.

“నవ్వుతున్నావు కదూ?”

“లేదురా, దగ్గు. ఆగిపోయిన ప్రోగ్రామునే తెర మీద పెట్టు. తప్పెక్కడుందో తెలియడం లేదని చెప్పు.”

“మూడొందల మంది ముందు పరువు పోతుంది.”

“నీ మొహం ఎవరు చూస్తార్రా? అందరూ తలొంచుకుని ల్యాప్‌టాపుల్లో సొంత ఆఫీసు పని చేసుకుంటుంటారు. పక్కవాడి తప్పు కనిపిస్తేనే తల ఎత్తుతారు. అప్పుడు తలా ఒక ఉపాయం చెప్పి వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. నీ నలభై నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.”

“మరి నేనేం మాట్లాడాలి?”

“మైకు అందిస్తూ ఉండు, చాలు.”

లోపలి నుంచి పిలుపు వచ్చింది. తమ్ముడు లేచి, ల్యాప్‌టాప్ వైపు చూసి మళ్లీ కూర్చున్నాడు.

“అక్కా, తప్పు దొరికింది. ఒక్క లైను మారిస్తే నడిచేస్తుంది.”

“దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. పద.”