నూట ఇరవై సెంటీమీటర్ల కీడు

చాంద్రమానం ఆరో నెల ఆఖరి రోజు, మధ్యాహ్నం రెండు గంటలు. తైనాన్‌లో ఒక కొత్త మేడ, పదకొండో అంతస్తు బాల్కనీ. హాజరైనవారు ముగ్గురు: ఇంటి యజమానురాలైన డెబ్బై ఆరేళ్ళ బ్వే అవ్వ, ఉక్కు రెయిలింగు చేసి బిగించిన హ్వోతు మేస్త్రీ, అది భద్రతా నిబంధనలకు లోబడి ఉన్నదో లేదో తనిఖీ చేయడానికి వచ్చిన ఇంజనీరు కో యున్. తెల్లవారితే దయ్యాల నెల. ఆ నెలలో ఎవరూ కొత్త ఇంట కాలు పెట్టరు, ఉన్న ఇంటికి మరమ్మతూ చేయించరు.

“నల్లగా ఉందంటే ఉందంతే. నేను సంతకం పెట్టను.”

“స్టెయిన్‌లెస్ స్టీలు అవ్వా. తళతళలాడుతుంటే నలుపంటావేంటి?”

“స్టీలు కాదయ్యా మేస్త్రీ, టేపు. టేపు మీద గడి నల్లగా ఉంది. నూట ఇరవై దగ్గర ఏం రాసుందో చదువు.”

“కళ్ళజోడు వ్యానులో ఉండిపోయింది.”

“ఇంజనీరమ్మా, నువ్వు చదువు.”

“‘కీడు’ అని ఉంది. కానీ అవ్వగారూ, నేను చూడాల్సింది ఎరుపైతే శుభం, నలుపైతే అశుభం అనే ఆ శకునం గడులు కాదు. పదో అంతస్తు నుంచి ఎత్తు నూట ఇరవైకి తగ్గకూడదు, కమ్మీల మధ్య సందు పదికి మించకూడదు. రెండూ సరిపోయాయి.”

“నీకేం, పాస్ చేసి పోతావు. కీడుతో కాపురం చేసేది నేను.”

“అవ్వా, ముప్ఫై ఏళ్ళుగా ఎరుపు గడి చూడకుండా నేను రంపం పెట్టలేదు. నూట ఇరవై ఎరుపే. ‘సంతానం’ అని ఉంటుంది.”

“ఏ వరుసలో?”

“ఏ వరుసేంటి?”

“పై వరుసా, కింది వరుసా?”

“టేపన్నాక రెండు వరుసలుంటాయిలే.”

“నువ్వు ఏది చూశావని అడుగుతున్నా.”

“ఈ మధ్య పని ఎక్కువైంది అవ్వా. వరసబెట్టి ఇరవై ఆరు—”

“ఇరవై ఆరు ఏంటి?”

“కంచెలు.”

“దేనికి కంచెలు?”

“సమాధులకి.”

“విన్నావా ఇంజనీరమ్మా? పై వరుస బతికున్నవాళ్ళ ఇళ్ళకి, కింది వరుస పోయినవాళ్ళకి. ఈయన నాకు సమాధి కొలత పెట్టాడు.”

“అలవాటైపోయి కన్ను కిందకే పోతోంది అవ్వా.”

“నీ కన్ను పోతే పోనీ, నన్ను పంపించకు.”

“అయినా సంతానం మంచిదేగా.”

“డెబ్బై ఆరేళ్ళకా?”

తరువాతి అరగంట వాదోపవాదాల సారాంశం ఇది. కోసి నూట పన్నెండుకు దించితే ఎరుపు వస్తుందని అవ్వ ప్రతిపాదించగా, అది నిబంధనకు ఎనిమిది సెంటీమీటర్లు తక్కువని ఇంజనీరు తోసిపుచ్చారు. మొత్తాన్ని దిమ్మెల మీద పైకి లేపుతానని మేస్త్రీ అనగా, అడుగున సందు పెరిగి పసిపిల్లల తల దూరుతుందని ఆమే అన్నారు. ఇంట్లో పసిపిల్లలు లేరని అవ్వ అన్నారు. సంతానం గడి ఉంది కనుక చెప్పలేమని మేస్త్రీ అన్నారు. ఆ మాటకు అవ్వ చెప్పు కోసం చుట్టూ చూశారు.

“అసలు టేపు పెట్టి చూసిందెవరు అవ్వగారూ?”

“మా వియ్యపురాలు. పక్క ఫ్లాటే. పోయిన వారమే చేరింది. పొద్దున్నే శుభమని పైనాపిల్ పట్టుకొచ్చి, సంచిలోంచి టేపు తీసింది. ‘అయ్యో వదినా’ అంది. నవ్వాపుకుంటూ. టేపు కూడా ఇక్కడే వదిలిపోయింది, నేను మళ్ళీ మళ్ళీ చూసుకుని ఏడవాలని.”

“పోనీ, ఒక నెల ఆగితే?”

“పాత ఇంటి తాళం రేపు ఇచ్చేయాలి. ఆగితే నెలంతా ఆవిడింట్లోనే. పూటపూటా ఆవిడ చేప గంజి, పైన ఆవిడ జాలి.”

“ఆ టేపు ఇటివ్వండి. నూట ఇరవై నాలుగు, పైన ఎరుపు, కింద నలుపు. నూట ఇరవై అయిదు, పైనా ఎరుపే, కిందా ఎరుపే.”

“బతికినా చచ్చినా మంచిదే అన్నమాట.”

“మేస్త్రీగారూ, పైన అయిదు సెంటీమీటర్ల గొట్టం సందు లేకుండా వెల్డింగ్ చేయగలరా? తగ్గకూడదన్నారు గానీ పెరగకూడదని ఎక్కడా లేదు.”

“గంట పని. కానీ అవ్వకి దాని మీదుగా వీధి కనిపించదేమో.”

“నాకిప్పటికే కనిపించట్లేదు. కమ్మీల సందులోంచి చూసుకుంటాలే. ఏమ్మా ఇంజనీరమ్మా, గడులు చూడనన్నావు. ఇంత చకచకా ఎలా చదివావు?”

“ఎరుపు గడి కోసం మా అమ్మ నా మంచం మూడుసార్లు కోయించింది.”

నాలుగున్నరకు గొట్టం అతుక్కుంది. ఇంజనీరు నూట ఇరవై అయిదని రాసి సంతకం చేశారు. అవ్వ పక్కనే సంతకం చేసి, తన ముద్ర కూడా వేసి, సిరా ఆరేలా ఊదారు.

“మేస్త్రీ, పక్క ఫ్లాటు రెయిలింగు చేసిందెవరు?”

“నేనే.”

“ఎప్పుడు?”

“నీదీ ఆవిడదీ ఒకేరోజు కోశాను.”

“వరుస?”

“అదే వరుస.”

“ఆవిడ కొలవలేదా?”

“ఎవరిది వాళ్ళు ఎక్కడ కొలుచుకుంటారు అవ్వా? ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. ఇంకో గొట్టం ఉంది.”

“కూర్చో.”

“కానీ అవ్వగారూ, ఈ పూట దాటితే దయ్యాల నెల పోయేదాకా ఆవిడ దాన్ని ముట్టుకోనివ్వరు.”

“అందుకే కూర్చోమన్నా.”

అవ్వ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వియ్యపురాలి టేపుతో సహా గుడ్డసంచిలో దాచి, దాని మూతి బిగించి కట్టారు.

“నెల పోయాక నేనే చెబుతాను. ఈలోగా ఆవిడకి తలనొప్పొచ్చినా, గంజి మాడినా, మాజాంగ్ ఆటలో ఓడినా, ఎందుకో నాకొక్కదానికే తెలియాలి.”