గుడ్లగూబ ఇంటి రహస్యానికి అల్విన్ కాపలా

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మంగలి హోమర్ బ్రంట్. హోమర్ ఒక మాట కలపడు, ఒక మాట తియ్యడు. కలపడానికి అల్విన్ స్టకీ ఉండగా మా ఊళ్ళో ఇంకొకడి అవసరం ఎప్పుడూ పడలేదు.

అల్విన్‌కి డెబ్బై మూడేళ్ళు. ఒహాయో నది గట్టున మా కాలేజీలో కుర్రాళ్ళ సంఘం ఒకటుంది, ఫ్రాటర్నిటీ అంటారు. దాని అసలు పేరు మూడు గ్రీకు అక్షరాలు. గుమ్మం మీద రాతి గుడ్లగూబ ఉంది కాబట్టి ఊరందరికీ అది గుడ్లగూబ ఇల్లు. ఆ ఇంట్లో అల్విన్ పంతొమ్మిదేళ్ళు బొగ్గు కొలిమి చూశాడు. ఏటా మార్చిలో ఒక శనివారం సాయంత్రం కొత్తగా చేరిన కుర్రాళ్ళని నేలమాళిగలోకి దించి, కళ్ళకి గంతలు కట్టి, ఒక పుస్తకంలోంచి ఏవేవో చదివి, ప్రమాణాలు చేయిస్తారు. అది బయటివాడి కంట పడకూడదు. కొలిమి చూసేవాడు బయటికి తెరుచుకునే బొగ్గు గది తలుపుకి లోపల్నుంచి ఇనప గడియ వేసి, తంతుకి వీపు చూపించి, గోడకేసి తిరిగి కూర్చోవాలి. అదీ ఆ ఇంటి కట్టుబాటు.

1961లో ఆ తంతంతా కాలేజీ పత్రికలో అచ్చయి కూర్చుంది. గంతలు, కొవ్వొత్తులు, గుడ్లగూబలా మూడుసార్లు కూయడం, ఒక్కటి వదల్లేదు. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సంఘం పెద్ద డాక్టర్ థార్న్‌టన్ అల్విన్‌ని పిలిచి, "గడియ వెయ్యనిది నువ్వే" అన్నాడు. మినిట్సు పుస్తకంలో "కొలిమివాడి నిర్లక్ష్యం వల్ల" అని రాయించి, పనిలోంచి తీసేశాడు.

అల్విన్ ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ళు ఒప్పుకోలేదు. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, ఆ సాయంత్రం అతను నిజంగానే గడియ వెయ్యలేదు. అది తనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాడు. వెయ్యని గడియ గుండెల్లో గుచ్చుకుంటూంటే, శనివారం శనివారం హోమర్ కొట్లో కూర్చుని కోతల మీద కోతలు కోసేవాడు.

ఇది జరిగింది అక్టోబరులో, పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే పండగ రోజు పొద్దున. హోమర్ కుర్చీలో ఎవరో పొరుగూరాయన మొహమంతా సబ్బు నురగతో కూర్చున్నాడు. ఆయన భార్య, పొట్టి మనిషి, బల్ల మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనే రిటైరైన పోస్ట్‌మాన్ ఫ్లాయిడ్.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు అల్విన్.

ఫ్లాయిడ్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఇలా మొదలెడితే గంట పడుతుందని అతనికి తెలుసు.

"ఆ సాయంత్రం గడియ వేసి గోడకేసి కూర్చున్నానా, బొగ్గు పోసే కన్నంలోంచి గరగరమని చప్పుడు. చూద్దును కదా, పత్రికవాడొకడు సగం లోపల, సగం బయట. మెడ పట్టుకుని లాగి, బయట మంచులో కూర్చోబెట్టాను. అంతే. ఆ మాత్రం ఎవడైనా చేస్తాడు."

"చేస్తాడు," అన్నాడు హోమర్, కత్తి తోలు మీద సానపెడుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు ఒక్కడు కాడు! వెనకాల నలుగురు, వాళ్ళ వెనకాల నలభైమంది, సిన్సినాటి నుంచి రైలు కట్టించుకుని మరీ దిగారు. వాళ్ళ నాయకుడు ఏడడుగుల మనిషి, వాడి మీసాలు ఈ గోడ నుంచి ఆ గోడకి, ఒక మీసానికి పెన్సిల్ వేలాడుతోంది, ఇంకో మీసానికి కెమెరా!"

"పాపం, మెడ నొప్పి పుట్టలేదూ?" అన్నాడు ఫ్లాయిడ్.

"పుట్టింది, అందుకే పక్కకి ఒరిగి నడిచేవాడు. మధ్యలో మాట్లాడకు, ఫ్లాయిడ్, నీకెప్పుడూ ఇదే రోగం. నేనేం చేశాను? బొగ్గు పార తీశాను. పారకి ముగ్గురు చొప్పున ఎత్తి విసిరితే నది దాటి అవతల కెంటకీలో పడ్డారు. పొగాకు చేలల్లో వాళ్ళు పడ్డ గోతులు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడు."

"అవతలి గట్టున ఉత్తరాలు పంచింది నేనేనయ్యా! ముప్ఫై ఏళ్ళలో ఒక్క గొయ్యి కూడా కనబడలేదే!"

"కనబడదు. నేనే వెళ్ళి పూడ్చాను. పక్క రాష్ట్రంవాళ్ళు, మర్యాద ఉండద్దూ?"

పొట్టావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన మాటకి నవ్వేవాళ్ళు దొరికితే అల్విన్‌కి పూనకమే.

"ఇంక కోర్టు సంగతి వినమ్మా. మా రహస్యం మాది, ఎవరూ అచ్చెయ్యకూడదని దావా. పుస్తకం విప్పి చూస్తే గానీ రహస్యమో కాదో తేల్చలేనన్నాడు జడ్జి. విప్పాక ఇంక రహస్యమెక్కడుంటుంది దొరా అన్నాను నేను. జడ్జి లేచి నిలబడి టోపీ తీశాడు."

"జడ్జికి టోపీ ఎక్కడిదయ్యా?" అన్నాడు ఫ్లాయిడ్.

"నా మాట విన్నాక పెట్టుకున్నాడు, తియ్యడానికి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జూరీలో పన్నెండుమందికీ నేనే స్వయంగా కొలిమి మట్టి తెచ్చి చెవుల్లో కూరాను. గుమాస్తా కళ్ళకి గంతలు. లాయర్లని గోడకేసి నిలబెట్టి గుసగుసగా వాదించమన్నాం. తొమ్మిది రోజులు నడిచింది. ఒక్కడికి ఒక్క ముక్క వినబడితే ఒట్టు!"

"ఎవరికీ వినబడకపోతే తీర్పెవరు చెప్పారు?" అన్నాడు హోమర్.

"నేనే. ఇంకెవరున్నారు? ఆ తీర్పు విని వాషింగ్టన్ నుంచి పెద్దలు దిగారు. అల్విన్, నీలాంటి తలుపు దేశానికి కావాలన్నారు. యాభై రాష్ట్రాల్లో ఏ గుడ్లగూబా అనుమతి లేకుండా కూయకూడదని చట్టం చేశారు. మూడు వారాలు అడవిలో ఒక్క గుడ్లగూబ నోరెత్తితే చూడు! ఎలుకలు బలిసి పందుల్లా అయ్యాయి, పిల్లులు కెనడా పారిపోయాయి, నది కూడా చప్పుడు చెయ్యడానికి భయపడి ఒక పూట ఆగిపోయింది!"

"ఆ పత్రికవాడి పేరేమిటండీ?" అని అడిగింది పొట్టావిడ.

"పేరా? అంత ప్రమాదకరమైన మనిషి పేరు చెబుతాడా అమ్మా? ఎమ్. నోల్ అని ఏదో దొంగపేరు వేసుకున్నాడు."

"మార్జొరీ నోల్. దొంగపేరు కాదు, మా అమ్మా నాన్నా పెట్టింది. నాకు మీసాలైతే ఎప్పుడూ లేవు. కావాలంటే మా ఆయన్ని అడగండి."

నురగ లోపల్నుంచి ఒక వేలు పైకి లేచింది. "పదహారేళ్ళుగా చూస్తున్నాను. లేవు."

ఫ్లాయిడ్ విరగబడి నవ్వాడు. అల్విన్ నవ్వలేదు. అతని మొహం గోడ సున్నంలా పాలిపోయింది. ఇరవై రెండేళ్ళుగా అతను భయపడింది ఈ మనిషికే. ఏ దారిన లోపలికొచ్చిందో చెప్పగలిగినది ఈ లోకంలో ఈమె ఒక్కర్తే.

"తల్లీ," అన్నాడు. "ఏ తలుపులోంచి వచ్చావు?"

"ఏ తలుపండీ?"

"బొగ్గు గది తలుపా?"

"ఆ ఇంటికి బొగ్గు గది ఉందని ఇప్పుడే వింటున్నాను. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని గుమ్మం కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు కదా. నేను ఏ తలుపులోంచీ రాలేదు. బస్సెక్కి వాషింగ్టన్ వెళ్ళాను."

"వాషింగ్టన్‌లో ఏముంది?"

"వాళ్ళ పుస్తకం. వాళ్ళే పంపుకున్నారు! ఎవరూ అచ్చెయ్యకుండా ప్రభుత్వం దగ్గర కాపీరైటు హక్కు రాయించుకుందామని ఆ ఏడు డాక్టర్ థార్న్‌టన్ లాయర్‌ని పెట్టాడు. హక్కు కావాలంటే పుస్తకం ప్రతి ఒకటి ఆ ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిని అచ్చెయ్యకూడదు గానీ, అడిగినవాళ్ళు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. కాగితం మీద సంతకం పెట్టాను, గుమాస్తా తెచ్చి ఇచ్చాడు. చదివి వచ్చి, నా మాటల్లో రాశాను. వాళ్ళ మాట ఒక్కటి వాడలేదు కాబట్టి నా మీద దావా నిలవదని వాళ్ళ లాయరే చెప్పాడట. కోర్టు దాకా వెళ్ళనే లేదు."

"థార్న్‌టన్‌కి ఇదంతా తెలుసా? తెలిసే, గడియ వెయ్యలేదని నన్ను పనిలోంచి తీసేశాడా?" అన్నాడు అల్విన్.

"తెలియకేం? రహస్యాన్ని కాపాడబోయి తనే బయటపెట్టానని చెప్పుకోలేక నోరు మూసుకున్నాడు. అందుకు మిమ్మల్ని పనిలోంచి తీసేశారని మాత్రం నాకు తెలియదండీ. దేవుడి మీద ఒట్టు, తెలియదు."

"బొగ్గు గది తలుపులోంచి రాలేదు," అన్నాడు అల్విన్.

"రాలేదు."

"ఇంకెవరూ రాలేదు."

"ఎవరూ రాలేదు. అవసరమే లేదు కదా."

అల్విన్ బల్ల మీద కూలబడ్డాడు. ఛాతీ మీద నుంచి బొగ్గు బస్తా దించినట్టు పెద్ద ఊపిరి వదిలాడు, మళ్ళీ పీల్చాడు, మళ్ళీ వదిలాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే నవ్వాడు.

"గడియ వెయ్యలేదురా హోమర్," అన్నాడు. "ఆ సాయంత్రం మన స్కూలు పిల్లల బాస్కెట్‌బాల్ పోటీ. రేడియో వినాలని వెళ్ళాను. తిరిగి లోపలికి రావాలి కదా, అందుకని తీసిపెట్టాను."

"తెలుసు," అన్నాడు హోమర్. "నా కంట పడలేదనుకుని నువ్వు విన్నది నా వెనక గదిలో రేడియోనే కదా. రెండు పాయింట్లతో ఓడిపోయాం."

"నీకు తెలుసా! ఇన్నేళ్ళూ తెలిసి నోరెత్తలేదా?"

"ఎత్తితే నిన్ను కొలిమి దగ్గర్నుంచి తరిమినవాళ్ళకి సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. పైగా పిల్లులు కెనడా పారిపోయే కథ ఎవడు పాడుచేసుకుంటాడు?"

ఫ్లాయిడ్ లేచి ఎవరూ అడక్కుండానే అల్విన్ చేతికి తన కాఫీ ఇచ్చాడు. అల్విన్ ఒక గుటక తాగి, మొహం చిట్లించి, చల్లారిందన్నాడు. అయినా మొత్తం తాగేశాడు. లేచి చొక్కా సర్దుకుని, మార్జొరీ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మధ్యాహ్నం వాళ్ళంతా ఆ ఇంటి ముందు పచ్చికలో భోజనాలకి చేరతారు. థార్న్‌టన్ కూడా వస్తాడు. మీ ఆయన గడ్డం పూర్తయ్యాక ఒక్కసారి నాతో రండి. మినిట్సు పుస్తకం తెప్పించి, నా పేరున్న చోట దిద్దించండి. ఊరికే కొట్టేస్తే ఒప్పుకోను. కింద ఇవాళ్టి తేదీ వేసి, 'బయటపెట్టింది మేమే' అని ఆయన చేత్తోనే రాయించండి. రాశాక నాకు పైకి చదివి వినిపించండి. నాకు చదువు రాదు, ఆయన చదివితే నమ్మను."