ముందు బ్యాటరీ, తరువాతే పొట్లం: తెంగ్ పీ-యున్ గారి ముప్పైమూడేళ్ళ సేవ

1991 మార్చి నాలుగవ తేదీ, సోమవారం నాడు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి తెంగ్ పీ-యున్ గారు తీరపట్టణమైన హువాలియెన్‌లోని మన విద్యుత్ పరికరాల సేవాకేంద్రంలో సహాయ సాంకేతికురాలిగా చేరారు. తుఫాను వచ్చిందంటే కరెంటు పోవడం, తిరిగి వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎగదన్ని టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవడం ఆనాటి తీరవాసులకు ఆనవాయితీ. కాలినదాన్ని బాగుచేయడం కన్నా కాలకుండా కాపాడడమే వృత్తిధర్మమని ఆమె దృఢంగా విశ్వసించారు.

1998లో క్షేత్రసేవా బాధ్యతలు స్వీకరించి, కొండదారుల వెంట ఇల్లిల్లూ తిరిగి, ఏ పరికరానికి ఎంత బ్యాటరీ అవసరమో ఓపికగా బోధించారు. ఓపిక అన్నానే గానీ, కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో కంప్యూటర్‌ను ఆదుకునే యూపీఎస్‌కు రైస్ కుక్కర్ తగిలించిన ఇల్లాలు కంటబడితే మాత్రం ఊరుకునేవారు కారు. "అన్నం కాసేపు ఆగితే కొంప మునగదమ్మా, ఇది పేలితే మునుగుతుంది!" అనేవారు.

యంత్రం మొరాయించకూడదని దాని నెత్తిన చిరుతిళ్ళ ఆకుపచ్చ పొట్లం పెట్టడం మనందరి అలవాటు. గడువు దాటిన పొట్లం ఉంచితే అరిష్టమనీ మన నమ్మకం. 2016 సెప్టెంబరులో తుఫాను హెచ్చరిక వెలువడిన ఉదయం, పీ-యున్ గారు ఫెంగ్‌పిన్‌లో మన వినియోగదారు లెకల్ మాస్టారి ఇంటికి యూపీఎస్ తనిఖీకి వెళ్ళి, పాత పొట్లం తీసి, భక్తిగా కొత్తది పెట్టి, వచ్చేశారు. సగం దారిలో గుర్తుకొచ్చింది. బ్యాటరీని పరీక్షించనే లేదు!

ఫోను చేస్తే మాస్టారు ఎత్తలేదు. తేమకు పాడవకముందే తన తల్లి పాడిన కోతపాటను పాత టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, చప్పుడు కాకుండా ఫోను వైరు పీకేసి కూర్చున్నారాయన. పొరలూడుతున్న ఆ టేపు మరొక్కసారి తిరిగే స్థితిలో లేదు. ఆ తల్లి గొంతుకు మరో ప్రతి లేదు. దారి మూసేస్తారని తెలిసీ పీ-యున్ గారు బండి వెనక్కి తిప్పారు.

"ఏమ్మా, గాలివాన నెత్తిమీదికొస్తుంటే మళ్ళీ ఊడిపడ్డావు? పొట్లం మార్చావుగా!" అన్నారు మాస్టారు గుసగుసగా.

"పొట్లం మార్చాను మాస్టారూ, బ్యాటరీ చూడలేదు. తప్పు నాదే. ముందు నన్ను పని చెయ్యనివ్వండి, తిట్లు తర్వాత తింటాను."

చూస్తే యూపీఎస్‌లోని బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. ఇంకా ఉన్న కరెంటు మీద టేపు తిరుగుతుండగానే ఆమె కొత్తది బిగించారు. ఏడు నిమిషాలకు ఊరంతటా కరెంటు పోయింది. ఆ గదిలో పాట మాత్రం చివరి చరణం దాకా సాగింది. మాస్టారు కళ్ళు తుడుచుకుని, "తిట్టడానికి నోరు రావట్లేదమ్మా," అన్నారు.

ఆ సంగతిని ఆమె దాచుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మరుసటి సోమవారం సమావేశంలో లేచి నిలబడి, పూసగుచ్చినట్లు తానే చెప్పారు. అప్పటికి పర్యవేక్షకురాలి హోదాలో ఉన్న వ్యక్తి అలా చెప్పడం విని, మాలో ముగ్గురం ఆ సాయంత్రమే మా వినియోగదారులకు ఫోన్లు చేసి మా పొరపాట్లు ఒప్పుకున్నాం. ఈ కార్యాలయానికి ఈనాడున్న మంచిపేరు ఆ సోమవారం నాడు మొదలైందని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

పీ-యున్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘ ఆయుష్షు, కుటుంబ సౌఖ్యం నిండుగా కలగాలని మనసారా కోరుకుంటున్నాము. అమ్మా, ఇకపై తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతి ఉదయం మీరు తలుపులు వేసుకుని, వేడి టీ తాగుతూ హాయిగా ఇంట్లో కూర్చోండి. ఆ కొండదారిన వెనక్కి తిరిగి వెళ్ళే వంతు ఇక మాది.